ఇంజిన్ ఆపకుండా కిందికి దిగే ఆ అర నిమిషం

అనంతపురం, కడప జిల్లాల్లో చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతుకు సెప్టెంబరు వానల తర్వాత నిద్ర పట్టనివ్వని పని కలుపు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడిపోతుంది. దాంతో గరిక, తుంగ, వయ్యారిభామ ఒక్కసారిగా మోకాలెత్తు లేస్తాయి. ఊళ్లో ఉండే నాలుగైదు మినీ ట్రాక్టర్లకు అందరి ఫోన్లూ ఒకేసారి పోతాయి. పొద్దున ఆరింటికి ఒక తోటలో దిగిన బండి, రాత్రి లైట్లు వేసుకుని నాలుగో తోటలో సాళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. డ్రైవరుకు అన్నం తినే తీరిక కూడా ఉండదు.

ఒకప్పుడు ఈ పని ఎద్దులతో గుంటక తోలి చేసేవాళ్లు. తర్వాత రోటవేటర్ వచ్చింది. అది మట్టిని తిరగేసి తోటను అద్దంలా చేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ చీనీ చెట్టుకు ఆహారం పీల్చే సన్నని వేర్లు ఎక్కువగా పైమట్టిలోనే పరుచుకుని ఉంటాయి. రోటవేటర్ బ్లేళ్లు వాటిని తెంపేస్తాయి. పైగా తుంగ గడ్డలను, గరిక కణుపులను ముక్కలు చేసి తోటంతా చల్లుతాయి, ముక్క ముక్కా మళ్లీ మొలుస్తుంది. అందుకే ఇప్పుడు కొన్ని తోటల్లో మట్టి జోలికి పోకుండా గడ్డిని మాత్రం కోసి అక్కడే పరిచే స్లాషర్లు తిరుగుతున్నాయి. ట్రాక్టర్ వెనక పళ్లెంలాంటి ఇనుప మూత, దాని కింద అడ్డంగా గిరగిరా తిరిగే బ్లేళ్లు. పచ్చిక మైదానాల్లో మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత బండిలో పని జరిగే తీరూ ఇదే.

రోటవేటర్ అయినా స్లాషర్ అయినా, ఈ యంత్రాల గాయాలు చాలావరకు ఒకే చోట మొదలవుతాయి. బండి నడుస్తున్నప్పుడు సీట్లో ఉన్న డ్రైవరును ఈ బ్లేళ్లు ఏమీ చేయవు. వెనక ఏదో చుట్టుకుందనో, పిన్ను జారిందనో, ఇంజిన్ ఆపకుండా కిందికి దిగి వెనక్కి నడుస్తాడు చూడండి, ఆ అర నిమిషంలోనే వేళ్లు పోతాయి, కాళ్లు పోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. దీన్ని డ్రైవరు నిర్లక్ష్యమని ఒక్కమాటలో కొట్టిపారేయడం సులువు. ఇంజిన్ ఎందుకు ఆపలేదని అడిగితే మాత్రం జవాబు బ్యాటరీ దగ్గర, బాడుగ లెక్క దగ్గర, డ్రిప్ పైపు దగ్గర దొరుకుతుంది. అవన్నీ సరిచేయగలిగినవే.

యంత్రమే చేసే పని, మనిషి మీద పడే పని

కూర్చుని నడిపే గడ్డికోత బండి సీటు కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. బ్లేడు తిరుగుతుండగా మనిషి సీటు మీంచి లేస్తే ఇంజిన్ గానీ బ్లేడు గానీ దానంతట అదే ఆగిపోతుంది. చాలా మోడళ్లలో వెనక గేరు వేసినా బ్లేడు ఆగుతుంది, వెనక పిల్లలెవరైనా ఉన్నారేమో చూసుకోమని. నడుస్తూ తోసే చిన్న యంత్రానికైతే అమెరికాలో 1982 నుంచి ఒక నిబంధన ఉంది: పిడి వదిలిన 3 సెకన్లలోపు బ్లేడు ఆగాలి. ఇవన్నీ మనిషి మరిచిపోతాడు, తొందరపడతాడు, అలసిపోతాడు అని ముందే ఒప్పుకుని చేసిన ఏర్పాట్లు. మంచి ఆలోచన అది.

మన పల్లెల్లో బాడుగకు తిరిగే ట్రాక్టర్లలో చాలావాటికి అలాంటి స్విచ్ లేదు. డ్రైవరు దిగి గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకున్నా, ఇంజిన్ శక్తిని వెనక పనిముట్టుకు అందించే పీటీఓ లివర్ వేసి ఉన్నంతసేపూ వెనక రోటర్, అంటే బ్లేళ్లున్న ఇరుసు, తిరుగుతూనే ఉంటుంది. పాత బండ్లలో తాళంచెవి తిప్పినంత మాత్రాన డీజిల్ ఇంజిన్ ఆగదు, స్టాప్ నాబ్‌ను బయటికి లాగి పట్టుకోవాలి. అక్కడ యంత్రం చేసే పనిని ఇక్కడ మనిషి అలవాటుగా చేయాల్సి వస్తోంది. ఇక రోజుకు పన్నెండు గంటలు బండి మీదుండే కుర్రాడి నుంచి ఆ అలవాటును ఆశించాలంటే, దానికి అడ్డుపడేవాటిని ముందు తీసేయాలి.

క్లచ్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, చాలామంది పొరబడేది దీని దగ్గరే. సింగిల్ క్లచ్ ఉన్న ట్రాక్టర్‌లో పెడల్ తొక్కితే బండీ ఆగుతుంది, పీటీఓ కూడా ఆగుతుంది. డ్యూయల్ క్లచ్ ఉన్నదాంట్లో సగం తొక్కితే బండి మాత్రమే ఆగుతుంది, పీటీఓ ఆగాలంటే పెడల్ కిందిదాకా పోవాలి. కొన్ని కొత్త బండ్లలో పీటీఓకు విడిగా లివరే ఉంటుంది, క్లచ్‌తో దానికి సంబంధమే లేదు. ఈ వారం ఒక బండి, వచ్చే వారం ఇంకో బండి తోలే డ్రైవరుకు కాలి అలవాటు ఒకలా ఉంటుంది, యంత్రం ఇంకోలా ఉంటుంది. పైగా దిగాలంటే క్లచ్ మీంచి కాలు తీయక తప్పదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, పీటీఓ లివర్ తీయకుండా కాలు తీసిన మరుక్షణం వెనక రోటర్ మళ్లీ అందుకుంటుంది. డ్రైవరు మనసులో మాత్రం బండి ఆగే ఉంటుంది.

డ్రిప్ పైపు చుట్టుకున్నప్పుడు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలయ్యాక అనంతపురం, కడప జిల్లాల తోటల్లో డ్రిప్ ఊరూరా పాకింది. చెట్టు చుట్టూ పాదులో నల్లని లాటరల్ పైపులు పరిచి ఉంటాయి. గడ్డి పెరిగితే అవి కనపడవు. సాలు చివర మళ్లేటప్పుడు, చెట్టు మొదలు దగ్గరకు పోయినప్పుడు, పదహారు మిల్లీమీటర్ల పైపు కొస ఒకటి బ్లేడుకు తగులుతుంది. ఆ తర్వాత జరిగేది రెండు క్షణాల పని: పదీ పదిహేను అడుగుల పైపు రోటర్‌కు చుట్టుకుపోతుంది. ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది. డ్రైవరు హైడ్రాలిక్ లివర్ లాగి రోటవేటర్‌ను పైకెత్తుతాడు, గేరు తీస్తాడు, టూల్ బాక్సులోంచి కొడవలి తీసుకుని దిగుతాడు.

ఇక ప్రమాదం అంతా అతని ముందే ఉంటుంది. రోటర్ మెల్లగా తిరుగుతుంటే పైపు కొస పట్టి లాగితే వచ్చేస్తుందనిపిస్తుంది. నిజానికి ఒక్కోసారి వస్తుంది కూడా, పది సార్లు వచ్చింది కాబట్టే పదకొండోసారి కూడా చెయ్యి పెడతాడు. పైపు చేతికి మెలిపడితే విడిపించుకునే వ్యవధి ఉండదు. పైకెత్తిన రోటవేటర్ కిందకి చెయ్యి పెట్టడం రెండో తప్పు. నాలుగు వందల కిలోల దాకా బరువుండే ఇనుము హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడి మీద మాత్రమే వేలాడుతూ ఉంటుంది. సీలు కారినా, పక్కనున్న పిల్లవాడు లివర్ ముట్టుకున్నా అది దభాలున కిందకి వస్తుంది. కింద దిట్టమైన దుంగో రాయో పెట్టకుండా దాని అడుగున తల, చెయ్యి, కాలు ఏదీ ఉండకూడదు.

సరైన పద్ధతిలో కష్టమేమీ లేదు. పీటీఓ లివర్ తీయడం, రోటవేటర్‌ను నేలకు దించడం, హ్యాండ్ బ్రేక్ వేయడం, ఇంజిన్ ఆపడం, తాళంచెవి జేబులో వేసుకోవడం, రోటర్ పూర్తిగా నిలిచేదాకా సీట్లోనే ఉండడం. స్లాషర్ విషయంలో ఈ చివరిది మరీ ముఖ్యం, ఎందుకంటే దాని బ్లేళ్లు బరువుగా ఉంటాయి, ఇంజిన్ ఆగాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటాయి. మూత కింద ఉండటం వల్ల ఆగాయో లేదో పైనుంచి కనపడదు. శబ్దం పూర్తిగా ఆగాకే దిగాలి. అడుగున చుట్టుకున్నదాన్ని కోయాలంటే స్లాషర్‌ను ఎత్తక తప్పదు. అప్పుడు పీటీఓ తీసి, బ్లేళ్లు నిలిచాక ఎత్తి, ఇంజిన్ ఆపి, దిగి దుంగలు పెట్టి, వాటి మీదికి దించాలి. తాళంచెవి జేబులో వేసుకోమనడం చాదస్తం కాదు, డ్రైవరు వెనక వంగి ఉన్నప్పుడు సాయం చేద్దామని ఎవరో బండెక్కి స్టార్ట్ చేయడం జరగని పనేం కాదు.

ఇంత తెలిసీ ఎందుకు ఆపరు? మొదటి కారణం బ్యాటరీ. బాడుగ బండ్లలో సగం చచ్చిన బ్యాటరీలు మామూలే. పొద్దున నలుగురు తోస్తే స్టార్టయిన బండిని తోట మధ్యలో ఆపితే మళ్లీ తోసేవాళ్లు ఎవరు? కాబట్టి సాయంత్రం దాకా ఇంజిన్ ఆగదు. యజమాని కొత్త బ్యాటరీకి పెట్టాల్సిన డబ్బు మిగుల్చుకున్నాననుకుంటాడు, ఆ మిగులు కోసం డ్రైవరు తన చేతిని పణంగా పెడుతున్నాడు. బాడుగ బండి భద్రత గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ‘సెల్ఫ్ కొడితే స్టార్టవుతుందా’ అన్నదే. తోసి స్టార్ట్ చేసే బండిని తోటలోకి రానివ్వకపోవడం రైతు చేతిలో ఉన్న పని.

రెండో కారణం గంట లెక్క. బాడుగ గంటకింత అని మాట్లాడుకుంటారు. పైపు తీయడానికి పది నిమిషాలు ఆగితే ఆ పది నిమిషాలు ఎవరి ఖాతాలో పడాలన్నది గట్టు మీద నిలబడ్డ రైతుకూ డ్రైవరుకూ మధ్య ఎప్పుడూ ఉండే పేచీ. ‘బండి ఆగింది కదా, దానికి నేనెందుకియ్యాల’ అని రైతు అంటే, డ్రైవరు బండి ఆపకుండానే పని కానిస్తాడు. ఎకరాకింత అని మాట్లాడుకుంటే డ్రైవరు తొందర ఇంకా పెరుగుతుంది, అదీ ప్రమాదమే. గంట లెక్కే మేలు, కాకపోతే చుట్టుకున్నది తీయడానికి ఆగిన సమయం కూడా బాడుగలోనే కలుస్తుందని ముందే చెప్పేయాలి. రోజుకు మహా అయితే అరగంట బాడుగ ఎక్కువవుతుంది. మనిషి వేలితో పోలిస్తే అదేం లెక్క?

మూడోది రైతు చేయాల్సింది. బండి వచ్చే ముందురోజు లాటరల్ పైపులను చెట్ల మొదళ్ల దగ్గరకు చుట్టి పెట్టడం, సాలు చివర్లలో లాటరళ్లకు నీళ్లు పంచే సబ్‌మెయిన్ గొట్టం పైకి తేలిన చోట కర్ర పాతి గుడ్డ కట్టడం. ఇద్దరు కూలీలకు పూట పని. పైపులు తెగకుండా మిగిలినందుకే ఆ కూలి తిరిగొచ్చేస్తుంది.

సెకనుకు తొమ్మిది చుట్లు

ట్రాక్టర్‌కూ పనిముట్టుకూ మధ్య తిరిగే పీటీఓ షాఫ్ట్ మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు. అంటే సెకనుకు 9. ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న గొట్టం చుట్టుకొలత దాదాపు 16 సెంటీమీటర్లు కాబట్టి, దానికి తగిలిన గుడ్డ సెకనులో మీటరున్నర దాకా చుట్టుకుపోతుంది. తలకు చుట్టుకున్న తుండు గానీ, నడుముకు కట్టుకున్న పంచె గానీ పూర్తిగా లోపలికి పోవడానికి సెకను చాలు. మనిషి ‘అయ్యో’ అనుకుని వెనక్కి లాక్కోవాలన్నా దాదాపు అంతే సమయం పడుతుంది. గొట్టం నున్నగా ఉంటే జారిపోయే అవకాశమైనా ఉండేది. క్రాస్ జాయింట్ దగ్గర పైకి పొడుచుకొచ్చిన పిన్నులు, బోల్టులు ఉంటాయి. గుడ్డను అందుకునేవి అవే.

కొత్త షాఫ్ట్‌తో పాటు ప్లాస్టిక్ తొడుగు వస్తుంది. షాఫ్ట్ తిరిగినా తొడుగు తిరగకుండా ఉండటానికి దానికొక చిన్న గొలుసు ఉంటుంది. ట్రాక్టర్ వైపు పీటీఓ మొదలు మీద ఒక ఇనుప మూత కూడా ఉంటుంది. బాడుగ బండ్లలో ఈ రెండూ కనిపించడం అరుదు. గ్రీజు కొట్టడానికి అడ్డమని తొడుగు తీస్తారు, రెండో ఏడాదికి ఎండకు పెళుసెక్కి పగిలిపోతుంది, మళ్లీ కొనరు. పనిముట్టు తగిలించేటప్పుడు చెయ్యి పట్టదని ఇనుప మూతను విప్పి షెడ్డులో పడేస్తారు. బండి మొత్తమ్మీద అతి తక్కువ ఖర్చయ్యే భాగాలు ఇవే. లేకపోతే ప్రాణం తీసేవీ ఇవే.

ఒకచోటే నిలబెట్టి పీటీఓతో నడిపే యంత్రాల దగ్గర ఈ ముప్పు రెట్టింపు. కర్నూలు వైపు కందులు, అనంతపురం వైపు బుడ్డలు (వేరుశనగ) నూర్చేటప్పుడు షాఫ్ట్ పక్కనే పదిమంది ఉంటారు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. గంపలు మోసుకుంటూ అటూ ఇటూ తిరిగేటప్పుడు దూరం కలిసొస్తుందని షాఫ్ట్ మీదుగా దాటుతారు. చీర కొంగు నడుముకు దోపుకున్నా అంచు వేలాడుతూనే ఉంటుంది. నూర్పిడి యంత్రాల్లో చేతులు పోగొట్టుకున్నవాళ్లు దేశంలో లెక్కకు మిక్కిలి కావడంతోనే 1983లో కేంద్రం ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం తెచ్చింది. అయినా కల్లంలో షాఫ్ట్ దాటే ఆడమనిషిని ఆపాల్సింది అక్కడున్న యజమానే. షాఫ్ట్‌కు రెండు వైపులా రెండు కట్టెలు పాతి తాడు కడితే చాలు, దాటాలనుకున్న కాలు దానంతట అదే ఆగుతుంది.

రాయి ఎగిరితే

మైదానాల్లో గడ్డికోత యంత్రాలకు అమెరికా ప్రమాణాలు బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు మించకూడదంటాయి. అంటే గంటకు సుమారు 347 కిలోమీటర్లు. ట్రాక్టర్ వెనక స్లాషర్ వేగం మోడల్‌ను బట్టి మారుతుంది గానీ, తగిలిన గులకరాయిని తుపాకీ గుండులా విసరడానికి ఆ వేగంలో కొంత ఉన్నా సరిపోతుంది. సీమ ఎర్రనేలల్లో రాళ్లకు కొదవలేదు. బోరు వేసినప్పుడు పడేసిన ఇనుప తీగ ముక్కలు, రోడ్డు పక్క తోటల్లో సారా సీసాలు, కంచె నుంచి ఊడిన ముళ్ల తీగ, అన్నీ గడ్డిలోనే దాక్కుని ఉంటాయి. స్లాషర్ విసిరిన వస్తువు 100 మీటర్ల దాకా పోగలదు. చీనీ తోటలో చెట్ల మధ్య దూరం సాధారణంగా ఆరు మీటర్లు. పక్క సాలులో కొమ్మలు కత్తిరిస్తున్న కూలీకి అది రక్షణ కాదు.

స్లాషర్ ముందూ వెనకా వేలాడే గొలుసులు ఇందుకోసమే ఉన్నాయి. అవి తెగి సగం ఊడిపోయినా అలాగే తిప్పుతుంటారు. గొలుసులు ఊడిన స్లాషర్‌ను తోటలోకి రానివ్వకూడదు. బండి తోటలోకి రాకముందే ఒకసారి సాళ్లలో నడిచి చూడటం, కోసే ఎత్తు నేలకు నాలుగు అంగుళాల పైన ఉంచడం, తోటలో ఎవరూ లేని పూట పెట్టుకోవడం, ఈ మూడూ చేస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది. రాత్రి పూట స్లాషర్ తోలడం మాత్రం ఎంత తొందరున్నా మానుకోవాలి. లైటు ముందున్న సాలునే చూపిస్తుంది, పక్కన పండుకున్న మనిషిని చూపించదు. నీళ్ల కాపలాకు వచ్చి తోటలోనే నిద్రపోయేవాళ్లు సీమలో ఎంతమందో.

మడ్‌గార్డు సీటు కాదు

ట్రాక్టర్ ఆర్‌సీలో సీటింగ్ కెపాసిటీ ఒకటి అని ఉంటుంది. ఊళ్లో మాత్రం మడ్‌గార్డు మీద ఒకరు, టో హుక్ మీద ఇంకొకరు, డ్రైవరు ఒడిలో పిల్లవాడు, ఇలా పోవడమే మామూలు. వెనక రోటవేటర్ తిరుగుతున్నప్పుడు మడ్‌గార్డు మీంచి జారితే పడేది పెద్ద చక్రం కింద, చక్రం తప్పితే బ్లేళ్ల కింద. గతుకు, గట్టు, చీనీ కొమ్మ ముఖానికి తగలడం, ఏదైనా చాలు. రోటవేటర్ లోతుగా దిగడం లేదని దాని మీద బరువు కోసం మనిషినో మూటనో ఎక్కించడం ఇంకా ఘోరం. లోతు చాలకపోతే పక్కనున్న స్కిడ్లు సర్దాలి, బ్లేళ్లు అరిగితే మార్చాలి.

పిల్లల విషయంలో కాస్త కఠినంగానే మాట్లాడాలి. ‘కొంచెంసేపు ఎక్కించుకో మామా’ అని వెంటపడే పిల్లవాణ్ణి కాదనడం కష్టమే. కానీ ఒక్కసారి ఎక్కిన పిల్లవాడికి బండి శబ్దం వినపడితే పరుగెత్తుకుంటూ రావడం అలవాటవుతుంది. రెండోరోజు డ్రైవరుకు తెలియకుండా వెనక నుంచి వస్తాడు. గడ్డికోత బండ్లు వాడే దేశాల్లో పిల్లల కాళ్లు తెగిన ఘటనల వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి: నిన్న ఎక్కించుకున్న తాతే ఈరోజు చూడకుండా వెనక్కి తోలతాడు. ఎక్కించుకోకపోవడమే కాదు, బండి తోటలో ఉన్నంతసేపూ పిల్లలు ఇంటి దగ్గరే ఉండేలా చూడాలి.

వాలు, గట్టు, పంట కుంట

వాలు మీద గడ్డికోత బండ్లకు తయారీదార్లు సాధారణంగా చెప్పే హద్దు 15 డిగ్రీలు. దాన్ని కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. మీటరు పొడవు కర్ర ఒక కొసను వాలు పైభాగాన నేలకు ఆనించి, కర్రను సమంగా పట్టుకోవాలి, మధ్యలో నీళ్ల సీసా అడ్డంగా పెడితే సమమో కాదో తెలుస్తుంది. రెండో కొస కింద నేలకు దూరం 27 సెంటీమీటర్లు దాటితే వాలు 15 డిగ్రీలు దాటినట్టే. అలాంటి చోట బండి దింపకుండా చేతిలో పట్టుకునే బ్రష్ కట్టర్‌తో కోయించడం మంచిది. అంతకంటే తక్కువ వాలులో కూడా అడ్డంగా తోలకుండా నిలువుగా ఎక్కి దిగాలి. దిగేటప్పుడు న్యూట్రల్ చేయడం, క్లచ్ తొక్కి వదిలేయడం పనికిరాదు, చిన్న గేరులోనే దిగాలి.

వాలు కంటే ఇక్కడ ఎక్కువ భయపడాల్సింది పంట కుంటలకు. అనంతపురం జిల్లాలో ప్రభుత్వం తవ్వించిన కుంటలు చేను చేనుకూ ఉన్నాయి. వాటి అంచు పైకి గట్టిగా కనపడుతుంది, నీళ్లు నిలిచి కింద నానిపోయి ఉంటుంది. కుంట ఎంత లోతుందో కనీసం అంత దూరం అంచుకు దూరంగా ఉండాలి. మూడు మీటర్ల లోతు కుంటకు మూడు మీటర్ల లోపలికి చక్రం రాకూడదు. ఆ పట్టీలో గడ్డి మిగిలిపోతే మిగలనీయండి, మేకలు మేస్తాయి.

పాదులో దిగబడిన బండిని లాగేటప్పుడు గొలుసును వెనక ఆక్సిల్‌కో, పనిముట్టును పైన పట్టి ఉంచే టాప్ లింక్ చోటికో కట్టడం ప్రాణాల మీదికి తెచ్చే పని. లాగుడు బలం ఎత్తులో పడితే ముందు చక్రాలు లేస్తాయి, బండి వెనక్కి తిరగబడటానికి సెకనున్నర కూడా పట్టదు. డ్రైవరు క్లచ్ తొక్కుదామనుకునేలోపే అయిపోతుంది. గొలుసు ఎప్పుడూ కిందనున్న డ్రాబార్‌కే కట్టాలి. బోల్తా పడినా డ్రైవరును కాపాడేది సీటు వెనక నిలువుగా ఉండే ఇనుప చట్రం. స్వీడన్ 1959 నుంచే కొత్త ట్రాక్టర్లకు దాన్ని తప్పనిసరి చేసింది, తర్వాతి దశాబ్దాల్లో అక్కడ బోల్తా మరణాలు బాగా తగ్గాయి. తోటలో కొమ్మలకు తగులుతుందని మడిచేసే చట్రాలు వచ్చాయి. మడవడం తప్పు కాదు, తోట దాటి గట్ల మీదికి, రోడ్డు మీదికి వచ్చాక లేపకపోవడం తప్పు. చట్రం నిలబడి ఉన్నప్పుడు సీటు బెల్టు పెట్టుకోవాలి, మడిచి ఉన్నప్పుడు పెట్టుకోకూడదు. బండి తిరగబడితే బెల్టు మనిషిని దాని కిందే పట్టి ఉంచుతుంది.

రోడ్డెక్కే ముందు ఇంకో పని: కుడి, ఎడమ బ్రేక్ పెడల్స్‌ను కలిపి లాక్ వేయడం. తోటలో చిన్న మలుపుకు ఒక్కో బ్రేకు విడిగా తొక్కుతారు, అలాగే రోడ్డు మీద వేగంగా పోతూ ఒకటే తొక్కితే బండి గిర్రున తిరిగి పడుతుంది.

ఎండాకాలం చివర్లో ఎండు వయ్యారిభామ కోసేటప్పుడు రేడియేటర్ జాలీకి ముళ్లగడ్డి విత్తనాలు, పొట్టు పట్టి ఇంజిన్ వేడెక్కుతుంది. వెంటనే మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. సైలెన్సర్ చుట్టూ పేరుకున్న ఎండు గడ్డి అంటుకోవడమూ ఉంది, పూట పూటకూ దులిపేయాలి.

జరగకూడనిది జరిగితే

మొదట ఇంజిన్ ఆపాలి. ఇరుక్కున్న కాలునో చేతినో విడిపించడానికి ఇంజిన్‌తో రోటర్‌ను తిప్పే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. షాఫ్ట్ పిన్ను తీసి పనిముట్టును ట్రాక్టర్ నుంచి విడదీస్తే ఇంకోసారి తిరిగే భయం ఉండదు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టుకునే ఉండాలి, ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకూడదు. పసుపు, కాఫీపొడి, గ్రీజు అద్దడం మానాలి. 108కు ఫోన్ చేసేటప్పుడు సర్వే నంబరు చెబితే ఎవరికీ అర్థం కాదు. తోట ఏ ఊరికి, ఏ రోడ్డు మీద, ఏ గుడి దగ్గర అని చెప్పి, ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టాలి.

వేలో చెయ్యో తెగిపడితే దాన్ని వెతికి తీసుకుపోవడం మరవకూడదు. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీళ్లు పోని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలి. నేరుగా ఐసులో వేస్తే కణాలు చచ్చి పనికిరాకుండా పోతుంది. చెయ్యి, ముంజేయి లాంటి పెద్ద భాగాలకు ఆరు గంటల లోపు శస్త్రచికిత్స మొదలైతేనే అతికే ఆశ ఉంటుంది. తాడిపత్రి నుంచైనా పులివెందుల నుంచైనా పెద్దాసుపత్రికి ఆలోగా చేరొచ్చు, ఊళ్లో కట్టు కట్టించి ‘పొద్దున చూద్దాం’ అనకపోతే. పొలం మట్టి పడిన గాయానికి టీటీ ఇంజెక్షన్ తప్పదు.

అనంతపురం నుంచి గుత్తి వైపు పోయే హైవే మీద గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. ట్రాక్టర్లనూ పనిముట్లనూ పరీక్షించే పనితో పాటు రైతులకు, డ్రైవర్లకు నడపడంలో, మరమ్మతులో శిక్షణ ఇవ్వడం దాని పని. ఇంత దగ్గరలో అలాంటి సంస్థ ఉండి కూడా, చాలామంది కుర్రాళ్లు మేనమామ పక్కన మడ్‌గార్డు మీద కూర్చునే ట్రాక్టర్ నేర్చుకుంటున్నారు. బండి యజమానులు వానలు రాకముందే, జూన్‌లోపు తమ డ్రైవర్లను అక్కడికి పంపాలి. పంపిన రోజుల కూలి కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎవరూ పోరు. రైతు సంఘాలు బాడుగకు ఇచ్చే పనిముట్ల విషయంలోనైతే ఒక పద్ధతి ఇప్పటి నుంచే పెట్టుకోవచ్చు: షాఫ్ట్ తొడుగు, పీటీఓ మూత, స్లాషర్ గొలుసులు ఉన్నాయో లేదో చూసి, సెల్ఫ్ కొట్టి స్టార్ట్ చేయించి, అప్పుడే బండిని షెడ్డు దాటనివ్వడం. రిజిస్టర్‌లో డీజిల్ లెక్క రాసే వరసలోనే దీనికీ నాలుగు గళ్లు గీస్తే సరిపోతుంది.